పంటి కింద గింజ

మూడో పూట కంచం కూడా పెట్టింది పెట్టినట్టే వెనక్కి వచ్చింది.

అలివేలుమంగ దాన్ని వంటింటి గట్టు మీద పెట్టింది. కోడలి వైపు చూడలేదు. గోడతో మాట్లాడింది.

"పెద్దాయన మాత్ర ఏసుకున్నారు. ఇడ్లీ ముట్టలేదు. షుగరు మనిషి. కళ్ళు తిరిగి పడిపోతే ఆ సీసా వొచ్చి లేవదీస్తాదేటో అడుగు."

వంటింట్లో ఉన్నది ఇద్దరే. అడగవలసింది ఎవరో, జవాబు చెప్పవలసింది ఎవరో అనూరాధకి బాగానే తెలుసు. టిఫిన్ డబ్బాకి మూత పెట్టింది. చెంచా వెయ్యలేదని గుర్తొచ్చి మళ్ళీ తీసింది. బడికి టైమైపోతోంది.

సీసా అలమరలో పప్పుల డబ్బాల పక్కనే ఉంది. మామూలు పచ్చడి సీసా. అడుగున వేయించిన ఉప్పు, పైన గుప్పెడు ధాన్యం. మూత బిగించి రెండు నిమిషాలు గలగలలాడిస్తే, గింజలో తేమ ఉంటే ఉప్పు వెళ్ళి గాజుకి అంటుకుంటుంది. గింజ ఎండిందైతే పొడిపొడిగా జారిపోతుంది. తొమ్మిదో తరగతి సైన్సు క్లాసులో అనూరాధ నేర్పింది ఇంతే. ఇంతదానికే ఇల్లు రెండు ముక్కలైంది.

గురుప్రసాద్ కొట్టులోంచి లోపలికొచ్చాడు. ఇంటి ముందు భాగమే కొట్టు, కాబట్టి అతనికి ఇటు పెళ్ళాం మాటా అటు తండ్రి మాటా రెండూ వినబడతాయి. అదే అతని కష్టం.

"ఒక్క ముక్క అనూ. పిల్లల దగ్గర ఒక్క ముక్క అనీ. అదేదో ఆటకి సేసినాం, వాన రోజుల్లో ఉప్పుని నమ్మడానికి లేదు అంటే నీ సొమ్మేటి పోనాది?"

"నమ్మడానికి లేదనే వేయించి వాడాం. ఒట్టి ఉప్పుతో విడిగా ఇంకో సీసా కూడా పెట్టాం. ఉప్పు తప్పైతే అదీ అంటుకోవాలి. అంటుకోలేదు."

"నాకు పాఠం సెప్పకు."

"మీరేగా చెప్పమంటున్నారు, పిల్లలకి."

అతను గట్టు మీద కంచం చూశాడు. ఇడ్లీల మీద చట్నీ అట్టకట్టింది.

"నువ్వు నాన్నని దొంగంటన్నావా?"

"నేను ఆ మాట అనలేదు."

"ఊరంతా అంటన్నాది. నీ సీసా సూపించి అంటన్నాది."

అది మాత్రం అబద్ధం కాదు. రాజాంలో మామగారు కాశీవిశ్వనాథం కొట్టుకి బోర్డు మీద ఏ పేరుందో చదివినవాళ్ళు తక్కువ. "పన్ను షావుకారి కొట్టు" అంటే చిన్నపిల్లాడు కూడా దారి చూపిస్తాడు. బస్తాలోంచి గింజ తీసి, కుడి దవడ కింద పెట్టి, టక్కున కొరికి, "ఎండింది" అన్నా "పచ్చి" అన్నా ఆయన మాటకి తిరుగులేదు. ఆయన తండ్రిదీ అదే విద్య. గురుప్రసాద్ ముచ్చటపడి కొన్న తేమ మిషను మూడేళ్ళుగా బీరువాలో నిద్రపోతోంది. ఆ మిషన్ని కొట్టులో పెట్టడమంటే తన నోట్లో చెయ్యి పెట్టి పన్ను పీకడమే అని పెద్దాయన చెప్పేశాడు.

అలాంటి కొట్టుకి నిన్న పొద్దున్న, అనూరాధ క్లాసులో చదివే ఆమని తండ్రి ట్రాక్టరు మీద నలభై బస్తాలు తెచ్చాడు. షావుకారు గింజ కొరికాడు. "పచ్చి. ఇంకో రెండెండలు కాయాలి" అన్నాడు. ఎండలెక్కడివి? అల్పపీడనమని రెండ్రోజుల నుంచి టీవీ మొత్తుకుంటోంది. బడికి పోతూ బస్తాల మీద కూచుని వచ్చిన ఆమని కిందికి దిగి, బడి సంచీలోంచి సీసా తీసి, ఆ బస్తాలోని గింజలే పోసి, నలుగురి ముందూ ఆడించింది. ఉప్పు గాజుకి అంటుకోలేదు. ఒకసారి కాదు, మూడుసార్లు. కాటా దగ్గర నిలబడ్డ ఎవడో, "షావుకారూ, పన్ను అబద్ధమాడతాదేటి, ఉప్పు అబద్ధమాడతాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. నలభై ఏళ్ళలో ఆ కొట్టు ముందు అలాంటి నవ్వు ఎవరూ నవ్వలేదు.

ఆ నవ్వు చల్లారకముందే పెద్దాయన లోపలికొచ్చి శపథం పట్టాడు. సీసా ఒప్పని చెప్పిన నోరే పిల్లల ముందు తప్పని చెప్పాలి. అందాకా ఈ ఇంట్లో అన్నం ముట్టడు.

"గురూ!" కొట్టులోంచి కేక వచ్చింది. నీరసంగా ఉన్నా కేకే. "మీ యావిడ ఎల్లిందేటి?"

"ఎల్తంది నాన్నా."

"సెప్తాదా?"

గురుప్రసాద్ అనూరాధ కళ్ళలోకి చూశాడు. అలివేలుమంగ కూడా గోడని వదిలిపెట్టి చూసింది. అనూరాధ సంచీ భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంది.

"సెప్తాది నాన్నా!" అని గురుప్రసాద్ అరిచేశాడు.

---

మూడో పీరియడు.

కిటికీ గట్టు మీద మూడు సీసాలు వరసగా ఉన్నాయి. ఒకటో సీసాలో ఒట్టి ఉప్పు. రెండోదాంట్లో ఎండిన ధాన్యం. మూడోదాంట్లో తడి ధాన్యం. మూడో సీసా గాజుకి ఉప్పు ఇంకా తెల్లగా పట్టుకునే ఉంది.

"పోయిన వారం మనం చేసిన ప్రయోగం..." అని మొదలుపెట్టింది అనూరాధ.

ఆగింది. నలభైమంది ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఈ క్లాసులో ఆమెకో అలవాటుంది. ప్రశ్న అడిగాక పిల్లలు జవాబు కోసం ఆమె కనుబొమలు వెతకడం మొదలెడితే, చటుక్కున బోర్డు వైపు తిరిగిపోతుంది. "జవాబు నా మొహం మీద రాసి లేదు. సీసాలో ఉంది, సీసా చూడండి" అంటుంది. మొదట్లో పిల్లలకి అదో వింత. ఇప్పుడు, టీచర్ వెనక్కి తిరిగిందంటే వాళ్ళే ఒకళ్ళతో ఒకళ్ళు వాదించుకుంటారు.

ఇవాళ ఆమెకే వెనక్కి తిరిగిపోవాలనిపించింది. అటు చెప్తే అబద్ధం, ఇటు చెప్పకపోతే ఇంట్లో ముసలాయన ప్రాణం. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే కాబోలు అనుకుంది. ఆమెకి మామగారంటే కోపం లేదు, అదే వచ్చిన చిక్కు. తను కాపురానికొచ్చిన కొత్తలో, "కోడలు ఉద్యోగం సెయ్యడమేటి" అని చుట్టాలు మూతులు తిప్పితే, "నా కోడలు టీచరు. మీ కోడళ్ళకి సేతనైతే మీరూ సేయించుకోండి" అన్న మనిషి ఆయన.

మూడో బెంచీలో ఆమని లేచి నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"టీచర్, సీసా తప్పైతే సెప్పీండి టీచర్."

ముందు బెంచీలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"మా నాన్న రేత్రంతా బస్తాల కాడే ఉన్నాడు. పన్ను షావుకారు పచ్చి అన్న ధాన్యం ఇంకే కొట్టువోళ్ళూ ముట్టుకోటం లేదు. సర్కారోళ్ళు కొనాలంటే టోకెనుకి వారం పడతాదంట. మీరు తప్పంటే తప్పే. ఎనక్కి తోలుకుపోయి ఇంట్లో పోసుకుంటాం. ఒప్పంటే ఒప్పే. ఏదో ఒకటి సెప్పీండి. వాన వొస్తన్నాది."

ఆ పిల్ల నిష్ఠూరమాడి ఉంటే అనూరాధ తట్టుకునేది. నమ్మకంతో అడిగింది.

"నువ్వేమనుకుంటున్నావు?"

"నాను ఇంటికెల్లి మళ్ళీ సేసినాను టీచర్. ఒకపాలి ఉప్పు మార్సినాను. ఒకపాలి సీసా మార్సినాను. ఒకపాలికి ఒకటే మార్సినాను, మీరు సెప్పినట్టే. అన్నిపాల్లూ అంటుకోలేదు."

"అంటే?"

"గింజ ఎండిందే టీచర్."

"మరి షావుకారుగారు నలభై ఏళ్ళుగా కొరుకుతున్నారు. ఎప్పుడూ తప్పలేదంటారు. ఇప్పుడు పచ్చి అన్నారు. తేడా ఎక్కడొచ్చింది?"

అడిగాక గానీ అది తన ఇంటి ప్రశ్న అని ఆమెకి తట్టలేదు. పిల్లలంతా మళ్ళీ ఆమె మొహం వెతకడం మొదలెట్టారు. అలవాటుగా బోర్డు వైపు తిరిగింది. సుద్దముక్కతో "ఏం మారింది?" అని రాసింది.

వెనక గుసగుసలు. ధాన్యం రకం మారిందని ఒకరు. కాదు, రోజూ అదే రకం కొంటాడని ఇంకొకరు. చలికి గింజ గట్టిపడుతుందని మరొకరు. ఇంతలో చివరి బెంచీలోంచి ఓ అల్లరి గొంతు లేచింది.

"షావుకారు పన్నే మార్సీసినారేమో టీచర్!"

క్లాసంతా గొల్లుమంది. ఆమని కూడా కన్నీళ్ళతోనే నవ్వింది.

అనూరాధ నవ్వలేదు. సుద్దముక్క బోర్డు మీదే ఆగిపోయింది. దసరా వెళ్ళాక మామగారిని విజయనగరం తీసుకెళ్ళడం, కుడివైపు దవడపళ్ళు రెండింటికీ నరం తీయించి తొడుగులు వేయించడం, అంతా కళ్ళముందు కదిలింది. నొప్పి నొప్పి అని మూలుగుతున్నా డాక్టరు దగ్గరికి రానంటే, పట్టుబట్టి పంపింది తనే. ఎడమవైపు పళ్ళు ఆయనకి ఎప్పుడో ఊడిపోయాయి. కొరికేదంతా కుడివైపే.

ఇటు తిరిగింది.

"సీసా తప్పని నేను చెప్పను. షావుకారుగారిది తప్పని కూడా ఇప్పుడే చెప్పను. నేను చూడాల్సింది ఇంకొకటి ఉంది."

"ఎప్పుడు సూస్తారు టీచర్?" అంది ఆమని.

కిటికీ బయట మధ్యాహ్నం కాకుండానే వెలుగు తగ్గిపోతోంది.

"ఇవాళే" అంది అనూరాధ.

---

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికి వచ్చేసరికి గురుప్రసాద్ కాటా దగ్గర ఈగలు తోలుకుంటున్నాడు. పొద్దుట్నుంచీ ఒక్క బండి రాలేదు.

"సెప్పీసినావా?" అన్నాడు ఆశగా.

"మావయ్యగారి పళ్ళకి తొడుగులు వేయించింది ఏ రోజు?"

"ఇప్పుడదెందుకు? దసరా ఎల్లిన వారానికి. నువ్వే గోల పెట్టినావు కదా."

"ఆయన కొరుకుడు మీద మొదటి పేచీ ఎప్పుడొచ్చింది?"

గురుప్రసాద్ నోరు తెరిచి, ఏదో లెక్క కట్టుకున్నాడు. "కార్తీకం మొదట్లో. బొబ్బిలి వైపు రైతు ఒకడు గోల సేసి ఎలిపోనాడు. తరవాత ఇంకో ఇద్దరు."

"పోయినేడు?"

"పోయినేడా? ఒక్కటి లేదు. నాన్న మాటంటే..."

వాక్యం అక్కడే తెగిపోయింది. అతనికీ అర్థమైంది. కొట్టులోపల గల్లాపెట్టె వెనక కూచున్న తండ్రి వైపు చూసి గొంతు తగ్గించాడు.

"అనూ. ఈ మాట ఆయన దగ్గర ఎత్తకు. నీకు దణ్ణం పెడతాను."

"ఎత్తకపోతే దొంగ అన్న పేరుండిపోతుంది."

"ఎత్తితే ఆయనే ఉండడు."

ఆమె వినలేదు. వింటే అనూరాధ ఎందుకవుతుంది? లోపలికెళ్ళి, విత్తనాలకని ఎండబెట్టి దాచిన ధాన్యం రెండు పళ్ళాల్లో పోసింది. ఒక పళ్ళెంలోవి గోరువెచ్చటి నీళ్ళలో అరగంట నానబెట్టి, గుడ్డతో బాగా ఒత్తి తుడిచింది. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. అలివేలుమంగ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటే ఇదంతా?"

"మావయ్యగారు అన్నం తినాలి కదా అత్తయ్యా."

పెద్దావిడ పక్కకి జరిగి దారిచ్చింది.

కాశీవిశ్వనాథం పళ్ళాల వైపూ, కోడలి వైపూ చూశాడు. ఒక్క రోజులోనే బుగ్గలు లోపలికి పోయాయి.

"నాకు పరీచ్చ పెడతన్నావా అమ్మాయ్?"

"ఒకటే అడుగుతాను మావయ్యగారూ. కొరికి చెప్పండి."

ఛీ పొమ్మంటాడనుకుంది. అనలేదు. మొదటి పళ్ళెంలోంచి గింజ తీసి దవడ కింద పెట్టాడు. కొరికాడు. రెండో పళ్ళెంలోది కూడా కొరికాడు. ఆ తర్వాత ఆయన గింజల వైపు చూడలేదు. తల ఎత్తి అనూరాధ మొహంలోకి చూశాడు. కనుబొమలు, పెదాలు, మళ్ళీ కళ్ళు. ఆమె క్లాసులో నలభైమంది చూసే చూపే.

అనూరాధ గబుక్కున తల పక్కకి తిప్పేసుకుంది.

ముసలాయన నోట్లో గింజ ముక్కలు అరచేతిలోకి ఊసేశాడు.

"తెలీటం లేదమ్మా" అన్నాడు కాశీవిశ్వనాథం. "ఆ తొడుగులు ఏసిన మర్నాడే తెలిసింది. రాయి కొరికినా, అన్నం మెతుకు కొరికినా ఒకటే. పంటికి ప్రాణం పోనాది."

"మరి ఇన్నాళ్ళూ ఎలా చెప్పారు?"

"మొకం సూసి. రైతు మొకం. ధాన్యం పచ్చిదైతే వోడు బయపడతాడు. నాను కొరుకుతున్నంతసేపూ వోడి గుటక సూస్తాను. చానాపాల్లు సరిపోనాది."

"ఆమని వాళ్ళ నాన్న?"

"బయపడ్డాడు. పచ్చి అన్నాను." ముసలాయన కళ్ళు మూసుకున్నాడు. "వోడు ఆకాశం సూసి బయపడ్డాడమ్మా. నాను గింజకనుకున్నాను."

గురుప్రసాద్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. అలివేలుమంగ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త అన్నం మానేసింది కోపంతో కాదని ఆమెకి అప్పుడే తెలిసింది. తిన్న ముద్ద ఏమిటో కూడా ఆయనకి తెలియడం మానేసి నెలైంది.

"ఇందులో మీ తప్పేముంది మావయ్యగారూ? పళ్ళు అందరికీ పోతాయి. ఈ మాట చెప్పేస్తే దొంగ అన్నవాడే వచ్చి కాళ్ళు పట్టుకుంటాడు. నేను చెప్తాను. మిషను బయటికి తీద్దాం."

"వొద్దు."

"మావయ్యగారూ..."

"వొద్దన్నానా! దొంగంటే అననీ. దొంగ అన్న పేరు పడితే నాలుగేళ్ళకి పోతాది. మళ్ళీ నిజాయితీగా ఉంటే మంచోడంటారు. పన్ను పోయిన పన్ను షావుకారు ఏటౌతాడు? మా నాన్న నాకు పొలం ఇవ్వలేదు, మేడ ఇవ్వలేదు. ఇదే ఇచ్చినాడు." దవడ మీద చెయ్యి వేసుకున్నాడు. "సీసా తప్పని నువ్వు సెప్పక్కర్లేదు. ఆ మాట ఎనక్కి తీసుకున్నాను. కంచం ఎట్టు, తింటాను. ఈ సంగతి మటుకు ఈ గుమ్మం దాటకూడదు. ఒట్టెయ్యి."

ఆయన చెయ్యి చాపాడు. పొద్దున్న అబద్ధం చెప్పమన్నారు, కాదనడం తేలికే. ఇప్పుడు నిజం దాచమంటున్నారు. ఈ ముసలాయన పరువు ఒక పక్క, ముందుముందు ఆయన మొహాలు చూసి పచ్చి అనబోయే రైతులు ఒక పక్క. అనూరాధ చెయ్యి ఇంకా పళ్ళెం అంచు మీదే ఉంది.

బయట ట్రాక్టరు చప్పుడైంది.

"షావుకారూ!"

ఆమని తండ్రి. బస్తాల మీద టార్పాలిన్ గాలికి టపటప కొట్టుకుంటోంది. బడి నుంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, ఆమని రెండు చేతులతో దాని అంచు పట్టుకుని నిలబడి ఉంది. చుట్టుపక్కల కొట్లవాళ్ళు, దారిన పోయేవాళ్ళు పదిమంది పోగయ్యారు. నిన్న నవ్విన మొహాలు కొన్ని వాళ్ళలో ఉన్నాయి.

"బాబూ, సీసా మాట ఒగ్గీండి. సిన్నపిల్ల, తెలీక సేసింది. మీ పన్నే సెప్పనీండి. ఆఖరిపాలి అడుగుతన్నాను, ఇంకొక్క గింజ కొరకండి. పచ్చి అంటే ఇటునుంచిటే తోలుకుపోతాను. మళ్ళీ అడగను."

కాశీవిశ్వనాథం లేచాడు. పడబోతే గురుప్రసాద్ పట్టుకున్నాడు. కొడుకు చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాడు. ఆ కాస్త దూరంలోనే ఆయన మళ్ళీ పన్ను షావుకారైపోయాడు. బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు ఏరి, ఒకటి నోట్లో వేసుకున్నాడు.

టక్.

అందరికీ వినిపించింది. కొరికినాయనకి తప్ప.

ఆమని తండ్రి గుటక మింగాడు. ఈసారి కాశీవిశ్వనాథం ఆ మొహం చూడలేదు. జనం తలల మీంచి, కొట్టు గుమ్మంలో నిలబడ్డ కోడలి కోసం వెతికాడు. ఆయన అడుగుతున్నది ఒక్కటే. తల ఊపితే చాలు. ధాన్యం ఎండిందే, ఇది అబద్ధం కూడా కాదు. ఆ బస్తాలు లోపలికి చేరతాయి, ఆ పిల్ల ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఈ ముసలాయన అన్నం తింటాడు. రేపు ఇంకో బండి వస్తుంది. ఎల్లుండి ఇంకోటి. ప్రతి గింజకీ ఆయన ఇలాగే తన వైపు చూస్తాడు.

క్లాసులో అయితే ఈపాటికి వెనక్కి తిరిగిపోయేది. ఇక్కడ తిరగడానికి బోర్డు లేదు.

మొదటి చినుకు టార్పాలిన్ మీద పడింది. అందరూ ఆకాశం చూశారు.

ఆమని చూడలేదు. షావుకారు గింజ కొరికి ఎటు చూశాడో ఆ పిల్ల చూసింది. ఆ చూపు వెంబడే వచ్చి, టార్పాలిన్ అంచు వదలకుండా, తనూ టీచర్ మొహంలోకే చూస్తూ నిలబడింది.